అయ్యగారి పిడికెడు బియ్యం

మా అయ్యగారు పోయారని కబురొచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయన ప్రసంగం కాదు. ఆయన ప్రసంగాలు గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అబ్రాహాముతో మొదలుపెట్టి, ఢిల్లీ మునీర్కా బజారులో వంకాయల ధర మీదుగా వెళ్ళి, పౌలు చెరసాల దగ్గర తేలేవారు. మధ్యలో ఎక్కడ కునుకు తీశామో, ఎక్కడ లేచామో మాకే తెలిసేది కాదు. నాకు గుర్తొచ్చింది ఆయన చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చేటలో బియ్యం ఏరుతుండడం. జారిపోయే కళ్ళజోడును మోచేత్తో పైకి తోసుకుంటూ, నోట్లో ఏదో పాట నమిలినట్టు గొణుక్కుంటూ, రాయి కనిపించినప్పుడల్లా "చిక్కావురా!" అనేవారు. కోట గెలిచినంత సంబరం ఆ మాటలో.

ఫోను చేసింది వాళ్ళమ్మాయి. మునీర్కా గల్లీల్లో పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది కానీ నోటికి రాదు. "ఆంటీ, డాడీ చలే గయే. నీంద్ మే హీ" అంది. నిద్రలోనే పోయారట. కాసేపు ఏడ్చి, "మమ్మీ పూఛ్ రహీ హై, ఆప్ ఆయేంగీ నా?" అంది. మేం వసంత్ కుంజ్‌లో ఈ కొత్త ఫ్లాటులోకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. రాకుండా ఉంటానా తల్లీ అన్నాను.

ఆయన పేరు నాకు తెలుసు. రాయడం లేదు. ఢిల్లీలో ఇన్నేళ్ళలో ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. మా కోస్తా క్రైస్తవుల్లో పాస్టరుగారంటే అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. అంతే. పెద్ద ఉద్యోగస్థుల ఇళ్ళలో పనివాళ్ళు యజమానిని కూడా అయ్యగారనే పిలుస్తారు. మా అయ్యగారి దగ్గర ఆ అయ్యగారి లక్షణం ఒక్కటీ లేదు, చేతిలో చిల్లిగవ్వతో సహా.

నేను ఢిల్లీకి వచ్చింది డెబ్భైల నడిమిలో. రింగ్ రోడ్డు పక్కన ఒక పెద్ద సర్కారీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం. రేపల్లె దాటి లోకం చూడనిదాన్ని. రైలు దిగిన రోజు నుంచీ చలికి నా దవడలు కొట్టుకుంటూనే ఉన్నాయి. హాస్టల్లో చేరిన కొన్నాళ్ళకే జ్వరం పట్టుకుంది. నా రూమ్మేటు కరుణ, భీమవరం పిల్ల, నాకు చెప్పకుండా ఎవరికో కబురు పంపింది. సాయంత్రం విజిటర్ల గదిలోకి రమ్మంటే దుప్పటి కప్పుకుని వెళ్ళాను. పొడుగాటి మనిషి నిలబడి ఉన్నారు. మడమల దాకా వేలాడే గోధుమరంగు ఓవర్‌కోటు. ఎవరో దొర వదిలేసి వెళ్ళిందట, ఇంకో అయ్యగారు కూడా పట్టేంత చోటుంది అందులో. ప్యాంటుకి సైకిల్ క్లిప్పులు అలాగే ఉన్నాయి.

"ఏ ఊరమ్మా మనది?" అన్నారు.

"రేపల్లె దగ్గరండీ."

"దగ్గరంటే చాలదమ్మా. ఏ పక్క?"

ఊరి పేరు చెప్పాను. ఏం తిన్నావని అడిగారు. ఏమీ సహించడం లేదన్నాను. కోటు జేబులో చెయ్యి పెట్టి, చాలాసేపు వెతికి, ఒక నిమ్మకాయ తీసి నా అరచేతిలో పెట్టారు. "ఉప్పేసుకుని చప్పరించు. ఇప్పుడు ప్రార్థన చేసుకుందాం."

అందరు పాస్టర్లూ 'ఈ సహోదరిని దీవించు' అని ప్రార్థిస్తారు. మా అయ్యగారు దేవుడికి దారి చెప్పారు. "ప్రభువా, రేపల్లె దాటాక కాలవగట్టు మీదుగా పోతే వచ్చే ఊరు. అక్కడ ఈ బిడ్డ తల్లి ఈ వేళప్పుడు పొయ్యి ముట్టిస్తూ ఉంటుంది. ఈ బిడ్డకి జ్వరమని ఆమెకి తెలీదు. ముందు ఆమె గుండె దిటవు చెయ్యి. తర్వాత ఇక్కడికి రా." నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా అమ్మ పొయ్యి ముట్టించడం ఆ ఢిల్లీ విజిటర్ల గదిలో నాకు కళ్ళకు కట్టింది. గదికి వచ్చాక కరుణ, "చూశావా, అయ్యగారి ప్రార్థనకి దేవుడు దారి తప్పమన్నా తప్పడు" అంది.

గుంటూరు వైపు ఏదో బళ్ళో మాస్టరు ఉద్యోగం చేస్తూ, అది వదిలేసి వచ్చారాయన. ఢిల్లీలో తెలుగు ఆడపిల్లలు ఆసుపత్రుల్లో దిక్కులేకుండా ఉన్నారు, వెళ్ళమని దేవుడు పిలిచాడనేవారు. ఏ మిషనూ పంపలేదు, ఏ సంఘమూ జీతం ఇస్తాననలేదు. "పిలిచినాయన జీతం సంగతి చెప్పలేదా?" అని అమ్మగారు అందరి ముందే దెప్పేవారు. "చెప్పే ఉంటాడే. నేనే తొందరపడి సగంలో లేచొచ్చేశాను" అనేవారు ఆయన. ఇద్దరూ నవ్వేవారు. అమ్మగారి నవ్వు కొంచెం ముందు ఆగిపోయేది.

తెల్లవారుజామున పాల బూతులో నిలబడి గాజు సీసాలు అందించడం ఆయన సంపాదన. సీసాల మీది వెండిరేకు మూతలు పిల్లలు కడిగి దాచుకుని క్రిస్మస్‌కి నక్షత్రం చేసేవారు. బూతు పని ఎనిమిదింటికల్లా అయిపోతే మిగతా రోజంతా దేవుడిది. సైకిలెక్కి ఒక రోజు మా హాస్టలు, ఒక రోజు రైల్వే క్వార్టర్లు, ఒక రోజు ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చదివే తెలుగు కుర్రాళ్ళ గదులు. పాటలు కూడా సైకిలు మీదే కట్టేవారు. ఆయన పాటల్లో కొన్ని దమ్ము తీస్తూ ఆగి ఆగి నడిచేవి, కొన్ని ఉరుకులు పెట్టేవి. ఇదేంటండీ అని నేనడిగితే, "అది మునీర్కా ఎత్తు ఎక్కుతూ కట్టిందమ్మా, ఇది దిగుతూ కట్టింది" అన్నారు. చాలా మామూలు సంగతి చెప్పినట్టు చెప్పారు.

మా ఆరాధన ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. ఒక పెద్ద ఇంగ్లీషు సంఘంవాళ్ళు దయతలచి వాళ్ళ చర్చి వెనకున్న హాలు మాకిచ్చేవారు. ఎండాకాలం మూడింటికి ఢిల్లీలో కాకి కూడా ఎగరదు. మేం నర్సులం, డ్యూటీ దిగినవాళ్ళం దిగినట్టే, తెల్ల చీరలు నలిగిపోయి, బస్సులో నిలబడి వచ్చేవాళ్ళం. ఉదయం ఇంగ్లీషు ఆరాధనకి వెళ్ళొచ్చుగా అనేవారు కొందరు. మాతోపాటు పనిచేసే ఒకమ్మాయికి ఊళ్ళో తల్లి పోయింది. సెలవు దొరకలేదు, దొరికినా చివరిచూపు అందేది కాదు. వార్డులో ఆ పిల్ల కంట నీటిచుక్క లేదు. మందులిచ్చింది, దుప్పట్లు మార్చింది. ఇంగ్లీషు ఆరాధనలో కూర్చుని లేచింది. ఆ మధ్యాహ్నం మా హాల్లో తెలుగు పాట మొదటి చరణం ఎత్తుకోగానే కుప్పకూలి, గుండెలు బాదుకుని ఏడ్చింది. అయ్యగారు పాట ఆపలేదు. ఆ పిల్ల ఏడుపు తీరేదాకా అదే చరణం మళ్ళీ మళ్ళీ పాడించారు. ఆ హాలు మాకెందుకో ఇంతకంటే నేను చెప్పలేను.

ఇక బియ్యం సంగతి. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఒక అలవాటుంది. అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళుతుంది. అయ్యగారింట్లో పొయ్యి వారమంతా దానిమీదే వెలుగుతుంది. ఢిల్లీలోనూ రైల్వే క్వార్టర్ల కుటుంబాలు ఈ ఆచారం మానలేదు. కాకపోతే ఊళ్ళో అందరివీ ఒకే చేలో పండిన బియ్యం. ఇక్కడ ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి బాస్మతి నూకలు, ఒకరివి ఊరినుంచి మూటగట్టి తెచ్చుకున్న సన్నబియ్యం. అన్నీ ఒకే సంచిలో పడేవి. వండితే సగం ముద్దయ్యేది, సగం పలుకుగా ఉండేది. ఒక ఇంట్లో పిల్లలు రొట్టెలకి అలవాటు పడి అన్నం మానేశారు. ఆ ఇల్లాలు ఆచారం తప్పకూడదని పిడికెడు గోధుమపిండి తెచ్చి బియ్యంలోనే పోసేసింది. అమ్మగారు ఆ వారమంతా జల్లెడ పట్టారు.

"ఈ అన్నం ఏ గంటకి దించాలో నాకు తెలీట్లేదు" అని అమ్మగారు విసుక్కుంటే, అయ్యగారు ఏరుతున్న చేట పక్కన పెట్టి, "సంఘం కూడా ఇంతేనే. ఒకడు ముందు ఉడుకుతాడు, ఒకడు వెనక. మంట తగ్గించు, దించకు" అన్నారు. ఈ ఒక్క మాట మాత్రం నాకు ఆయన ప్రసంగాలన్నిటికంటే బాగా గుర్తుంది.

సంఘంలో ఎక్కువమందిమి నర్సులం. మా హాస్టల్లో గదుల్లో వంట నిషేధం. హీటరు కనిపిస్తే జప్తు. మెస్సులో తినే వాళ్ళం బియ్యం ఎక్కడినుంచి తీస్తాం? జీతంలో సింహభాగం ఊరికి మనియార్డరు వెళ్ళేది. కానుకల పళ్ళెంలో చిల్లర వేసి తలొంచుకునేవాళ్ళం. అయినా పాల బూతు ఉన్నంతకాలం వాళ్ళ సంసారం ఏదోలా నడిచింది.

ఎమర్జెన్సీ రోజుల్లో ఒక చలికాలం చివర బూతు పని ఇంకెవరికో ఇచ్చేశారు. పై అధికారి బావమరిదికని విన్నాం. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే నెలలో గది అద్దె పెరిగింది. అయ్యగారిలో తేడా ఏమీ కనిపించలేదు, కోటు మాత్రం మాయమైంది. "ఎండలొస్తున్నాయి కదమ్మా" అన్నారు. ఎండలు రావడానికి ఇంకా చాలా రోజులుంది.

సరిగ్గా అప్పుడు సెక్రటరీగారు రంగంలోకి వచ్చారు. ఆయన ఆ ఇంగ్లీషు సంఘం కార్యదర్శి. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మన తెలుగాయనే, తెలుగు మాత్రం నౌకర్లతో మాట్లాడటానికే వాడేవారు. ఆయన చెడ్డవాడని నేననను. వాళ్ళ సంఘంలో హిందీ పని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. అయ్యగారికి పాల బూతు పుణ్యమా అని హిందీ నోటికి ధారాళంగా వచ్చు. నెలనెలా జీతం, చర్చి ఆవరణలోనే క్వార్టరు, పిల్లలకి మంచి బడి. షరతు ఒక్కటే. మూడింటి తెలుగు ఆరాధన ఆపెయ్యాలి. "నర్సులు చదువుకున్న పిల్లలేగా, మార్నింగ్ సర్వీస్‌కి వస్తారు. ఈ పల్లెటూరి పాటలు ఇంకెన్నాళ్ళండీ, దిస్ ఈజ్ ఢిల్లీ" అన్నారట. ఆలోచించుకోండి, ఫలానా ఆదివారం నేనే వచ్చి జవాబు వింటానన్నారట.

ఇవన్నీ మాకు చెప్పింది అమ్మగారు. మునీర్కాలో వాళ్ళ గదికి నేనూ కరుణా వెళ్ళాం. ఆమె గల్లీ చివర పంపు దగ్గర వరసలో నిలబడి ఉంది, రెండు బిందెలతో. ఒకటి నేను, ఒకటి కరుణ అందుకోబోతే ఇవ్వలేదు.

"ఆయన రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నారు" అంది. "దర్శనం వస్తుందేమోనని. నాకు దర్శనాలు రావమ్మా. నాకు నీళ్ళు రావాలి. ఆ క్వార్టర్లో వంటింట్లోనే కొళాయి ఉందంట."

"మరి మేమో?" అని కరుణ నోరుజారింది.

అమ్మగారు కోప్పడలేదు. "మీరు మా బిడ్డలే. కానీ కడుపున పుట్టినవాళ్ళు రాత్రి పలుకన్నం తిని పడుకున్నారు. అది కూడా రేపటికి లేదు. నన్నేం చెయ్యమంటావు?" అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కరుణ ఒక్క మాట మాట్లాడలేదు. కరుణ మాట్లాడకపోతే ఏదో ప్రమాదం ఉన్నట్టే. హాస్టల్లో అడుగుపెట్టగానే తిన్నగా మెస్సు వంటింట్లోకి వెళ్ళింది. మా వంటాయన గఢ్వాల్ మనిషి, నేగీ భయ్యా. తన హిందీలో ఆయనకి చెప్పింది, ఈస్టరు ముందు ఉపవాసాల శ్రమకాలం మొదలైంది, తెలుగు నర్సులం శుక్రవారాలు రాత్రి అన్నం తినం, మా వాటా బియ్యం వండకుండా మాకిచ్చెయ్యి అని. నేగీ భయ్యా తల గోక్కుని, "ఠీక్ హై దీదీ, వ్రత్ హై తో వ్రత్ హై" అన్నాడు. ఆ ఆదివారం చిన్న మూటొకటి అమ్మగారి చేతికి చేరింది. మెస్సులో ఇచ్చారని మాత్రం చెప్పాం. అబద్ధం కాదుగా.

రెండో శుక్రవారానికి వ్యవహారం మా చేతుల్లోంచి జారిపోయింది. తెలుగువాళ్ళందరం భోజనాల హాల్లో ఖాళీ కంచాల ముందు కూర్చుని ఉంటే, చూసినవాళ్ళు ఊరుకుంటారా? మెస్సు తిండి మీద సత్యాగ్రహం చేస్తున్నారని పుట్టించారు. వారం వారం వచ్చే చప్పటి టిండాకాయ కూర మీద కసితో ఉన్న పంజాబీ పిల్లలు మొదట కంచాలు తోసేశారు. ఇది హక్కుల పోరాటమని మలయాళీ అమ్మాయిలు చేరారు. హాలు సగం తినడం మానేసింది. టిండా కూర అలాగే చల్లారిపోతోంది. అవి ఎలాంటి రోజులు? స్ట్రైకు అనే మాట గట్టిగా అనాలన్నా జనం చుట్టూ చూసుకునేవారు. మేట్రన్‌కి కబురు వెళ్ళింది.

మా మేట్రన్ పంజాబీ ఆవిడ, నిండైన మనిషి, ఆవిడ నడిచొస్తుంటే వార్డులో థర్మామీటర్లు కూడా సర్దుకునేవని అనుకునేవాళ్ళం. హాలు మధ్యలో నిలబడి, "లీడర్ కౌన్ హై?" అంది. కరుణ లేచింది. నేను కొంగు పట్టుకుని లాగుతున్నా కూర్చోలేదు. "స్ట్రైక్ నహీ మేడమ్. హమారే పాద్రీ సాబ్ కే లియే చావల్" అంది, మా పాస్టరుగారికి బియ్యం అని. మేట్రన్ ముఖం ఎర్రబడింది. నర్సుల చేత పస్తులు పెట్టించే పాద్రీ ఎవడో రేపు పొద్దున నా ఆఫీసులో ఉండాలి, లేకపోతే మీ అందరి ఉద్యోగాల సంగతీ నేను చూడాల్సి వస్తుందంది.

శనివారం పొద్దున మా కబురు అందుకుని అయ్యగారు వచ్చారు. విషయం ఆయనకి అప్పుడే తెలిసింది, హాస్టలు గేటు దగ్గర, మా నోటినుంచి. నేను ఆయన్ని అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. కోపమంటే అరవలేదు. మళ్ళీ సైకిలెక్కి వెళ్ళిపోయారు. అయిపోయింది, మేట్రన్ చేతిలో మా పని అయిపోయిందనుకున్నాం. కాసేపటికి తిరిగొచ్చారు. హ్యాండిల్‌కి ఆ చిన్న మూట వేలాడుతోంది, ఇంకా కొంచెం బియ్యం మిగిలున్నాయి.

ఆఫీసులో మేట్రన్, నేగీ భయ్యా, కరుణ, నేను. అయ్యగారు ఆ మూట తీసుకెళ్ళి మేట్రన్ బల్ల మీద పెట్టారు. మేట్రన్ నోరు తెరిచే లోపలే ఆయన మొదలుపెట్టారు, హిందీలో. నేను తెలుగులో రాస్తున్నాను.

"మేడమ్, ఈ పిల్లల్ని ఏమీ అనకండి. తప్పు నాది. పిడికెడు బియ్యం అంటే ఏంటో వీళ్ళకి సరిగ్గా నేర్పలేదు. మా ఊళ్ళలో వండేముందు తల్లి ఒక పిడికెడు తీస్తుంది. తీసిందని తినేవాళ్ళకి తెలియనే తెలియదు. ఇంట్లో ఎవరి కడుపూ మాడదు. అది నాకు అన్నం. ఇవి ఆకలి బియ్యం. ఇవి నేను తిన్నాను, తెలియక తిన్నాను. రాత్రి డ్యూటీలో ఈ పిల్ల కళ్ళు తిరిగి రోగి మీద పడితే ఆ పాపం నా కంచంలో ఉంటుంది. ఇవి మీ మెస్సువి, తీసుకోండి."

కరుణ ముఖం కప్పుకుని ఏడ్చేసింది. మేట్రన్ మూట వైపు చూసింది, ఆయన అరిగిపోయిన చెప్పుల వైపు చూసింది. "మరి మీరేం తింటారు?" అంది.

జవాబు నేగీ భయ్యా చెప్పాడు. "మేడమ్జీ, మా గఢ్వాల్లో మొదటి రొట్టె ఆవుకి తీశాకే మేం తింటాం. ఎప్పుడైనా మాకు రొట్టె తక్కువైందా? ఈ హాస్టలుకి నేను రోజూ రెండు పూటలా బియ్యం కొలుస్తాను. కడిగే ముందు ఒక గుప్పెడు పక్కన పెడతాను. ఎవరికి తెలుస్తుంది?"

"నన్ను ఆవు తర్వాత పెట్టుకో భయ్యా, నాకేం చిన్నతనం లేదు" అన్నారు అయ్యగారు. మేట్రన్ నవ్వబోయి ఆపుకుంది. ఆవిడ లెక్క ఆవిడకుంది. మెస్సు డబ్బు అందరు పిల్లల జీతాల్లోంచీ కోసేది. తెలుగు పాద్రీకి ఇవ్వాలంటే అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఇవ్వను అంది. అది న్యాయమే. సిక్కు పిల్లలు, బెంగాలీలు, హిందువులు, మలయాళీల్లో వేరే సంఘాలవాళ్ళు. అయ్యగారెవరో, ఆ పాటలేమిటో వాళ్ళకేం తెలుసు?

మధ్యాహ్నం భోజనాల హాల్లో మేట్రన్ సంగతంతా చెప్పి, ఇష్టం లేనివాళ్ళు చెయ్యెత్తండి అంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఒకే ఒక్క చెయ్యి లేచి ఉంది. జలంధర్ పిల్ల, మొదట కంచం తోసేసింది తనే. "చావల్ ఏక్ ముఠ్ఠీ క్యో? దో ముఠ్ఠీ నికాలో" అంది. ఒక్కటేంటి, రెండు పిడికిళ్ళు తియ్యండి, పాద్రీ సాబ్‌కి పిల్లలు కూడా ఉంటారుగా అని. హాలంతా గొల్లున నవ్వింది. ఆ గోలలోనే టిండా కూడా ఆపాలని మరెవరో అరిచారు, అది మాత్రం సర్కారీ మామ్లా, మన చేతిలో లేదని మేట్రన్ కొట్టిపారేసింది. ఆ సాయంత్రం వంటకి ఆవిడే వంటింట్లోకి వెళ్ళి మొదటి పిడికెడు తన చేత్తో తీసింది. ఆవిడది చాలా పెద్ద చెయ్యి.

మర్నాడే సెక్రటరీగారు జవాబు వింటానన్న ఆదివారం. సూటూ బూటూతో మూడింటికి ముందే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేగీ భయ్యా కట్టిచ్చిన సంచి, పైన మేట్రన్ తిరిగిచ్చిన ఆ మూట కూడా పెట్టించి, కరుణా నేనూ చెరో వైపూ పట్టుకుని హాల్లోకి తెచ్చాం. రెండు పూటల బియ్యమే, కానీ దాన్ని మేం పెళ్ళికూతుర్ని తెచ్చినంత వైభవంగా తెచ్చాం. అయ్యగారు దాన్ని చూశారు, ఏమిటన్నట్టు మా వైపు చూశారు. ముందురోజు మధ్యాహ్నం మా భోజనాల హాల్లో ఏం జరిగిందో ఆయనకింకా తెలీదు. కరుణ గబగబా చెప్పేసింది, జలంధర్ పిల్ల రెండో పిడికెడుతో సహా. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయారు. అంత వాగ్ధాటి గల మనిషికి, గంటన్నర తక్కువ ప్రసంగించని మనిషికి, ఒక్క ముక్క రాలేదు.

సెక్రటరీగారు వాచీ చూసుకున్నారు. లేచి, ఆయనతో కాదు, పక్కన చాప మీద పిల్లలతో కూర్చున్న అమ్మగారితో అన్నారు. "ఏంటమ్మా ఇది? నర్సుల హాస్టలు మెస్సులో అడుక్కు తినే గతి పట్టిందా? మీవారికి చెప్పు. పిల్లల ముఖం చూసైనా సరే అనమను."

నా ఒళ్ళు మండింది. కరుణ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే అదేం అనేదో. కానీ నాకు భయం కూడా వేసింది. అమ్మగారికి ఆ కొళాయి కావాలని నాకు తెలుసు. ఆమె ఔనంటే ఆయన కాదనరు. ఆమె ఔనంటే తప్పు పట్టే హక్కు మాలో ఎవరికీ లేదు.

అమ్మగారు లేచింది. పదిమందిలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి. కొంగు సవరించుకుని సంచి దగ్గరికి వచ్చింది. మూతి విప్పి, చెయ్యి లోపలికంటా పెట్టి, గుప్పెడు బియ్యం తీసి, వెలుగులో చూసి, మళ్ళీ లోపల వేసింది.

"అడుక్కున్నవి కాదండీ, ఇచ్చినవి" అంది. "మా పేరు కూడా తెలీని పిల్లలు ఇచ్చారు. మీరు పెద్దవారు, మా మేలు కోరే వచ్చారు. కానీ ఆ ఉద్యోగం ఇంట్లో బియ్యం లేనివాళ్ళెవరికైనా ఇప్పించండి. మా ఇంట్లో ఉన్నాయి."

ముందు అయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. పిల్లలు నవ్వారు, మేం నవ్వాం, వెనక వరసలో రైల్వే క్వార్టర్లవాళ్ళు సంగతి సరిగ్గా తెలియకపోయినా నవ్వారు. సెక్రటరీగారు ఎప్పుడు వెళ్ళిపోయారో ఎవరూ చూడలేదు. అమ్మగారు సంచి మూతి బిగించి కట్టి, "ఇంక చాల్లే, పాట ఎత్తుకోండి, మూడు దాటింది" అంది.